గొట్టం పస్తు

దిగుడుపేట వైద్యశాల, పిల్లల గది చిట్టా. రాస్తున్నది నర్సు నూకరత్నం.

కోత రోజు

ఈ చిట్టాలో సొంత గోడు రాయకూడదని నియమం. ఆ నియమం పెట్టిన మనిషికి పిల్లలున్నారో లేదో నాకు తెలియదు. ఈరోజు మంచం మీదున్నది మా మేఖల, నా కూతురు. కాబట్టి రాస్తాను. ఇష్టం లేనివాళ్ళు చదవక్కర్లేదు.

నిన్న కడుపునొప్పి అని మెలికలు తిరిగితే, పంటలు వేసే అద్దాల పాకలో పచ్చి చోడి గింజలు నమిలి ఉంటుందని నాలుగు తిట్లు తిట్టాను. పొద్దున ఆకుపచ్చగా పసరు కక్కేసరికి నా తిట్లు నేనే మింగి, పిల్లను ఎత్తుకుని పరిగెత్తాను. పేగు మెలిపడిందట. మెలిపడ్డ చోట నల్లబడిపోతే డాక్టర్ నసీమా అంత మేరా కత్తిరించి, రెండు కొసలూ కలిపి కుట్టింది. నన్ను లోపలికి రానివ్వలేదు. ఇన్నేళ్ళుగా ఎంతమంది పిల్లల పక్కనో నిలబడ్డదాన్ని, ఈరోజు బయట గోడకానుకుని కూర్చున్నాను.

నసీమా ఎగువపేట నుంచి వచ్చిన మనిషి. చిన్నది, నెమ్మదస్తురాలు, మంచి చెయ్యి. బయటికొచ్చి చేతులు కడుక్కుంటూ అంది:

“రత్నమక్కా, కుట్లు బాగా పడ్డాయి. గొట్టం వద్దనుకుంటున్నా.”

గొట్టమంటే ముక్కులోంచి కడుపులోకి దించే సన్నని గొట్టం. పేగు కోసిన ప్రతి పిల్లకీ మేం పెడతాం. కడుపులో చేరే గాలినీ పసరునీ అది బయటికి లాగుతుంది. అది ఉన్నన్నాళ్ళూ నోటికి ఏమీ పెట్టం.

“ఏటమ్మా, పరాచకాలా?” అన్నాను. “గొట్టం నేకుండా పేగు కోసిన పిల్లని ఎలగుంచుతావు?”

“ఎగువపేటలో చీటీలేశారక్కా. సగం మంది పిల్లలకి పెట్టారు, సగం మందికి పెట్టలేదు. కుట్లు వదలడం రెండు వైపులా ఒకటే. పెట్టనివాళ్ళు ముందు తిన్నారు, ముందు ఇంటికెళ్ళారు. బాగా వాంతులైన ఒకరిద్దరికి అప్పుడు పెట్టారు. అంతే.”

“మీ ఎగువపేటోళ్ళు చీటీలేసి పిల్లల్ని పెంచుకుంటే పెంచుకోండి.”

నోరు జారాను. ఆమె ఏమీ అనుకోలేదు. “అది మన పెద్దలు ఆకాశం దాటి వచ్చిన నావలో పుట్టిన పద్ధతక్కా. అక్కడ ఒంటికి బరువు లేదు. కడుపులో గాలీ నీళ్ళూ కలిసిపోయి తేన్పు కూడా పైకి రాదు. అక్కడ గొట్టం ప్రాణం కాపాడింది, కాదనను. ఇప్పుడు నేల మీదున్నాం కదా.”

అంతలో పైడమ్మత్త వచ్చింది. మా ఇళ్ళ వరసకి పెద్ద ఆవిడ. ఎవరికీ సొంత అత్త కాదు, అందరికీ అత్తే. నావలో నర్సుగా చేసింది, నాకు గొట్టం పెట్టడం నేర్పింది ఆవిడే. విషయం వినగానే గుమ్మంలోనే కూలబడింది.

“ఓలమ్మ! నా సెల్లెలి కొడుకు పొట్ట కుండలాగ ఉబ్బిపోయి, నా సేతుల్లో పోనాడే. ఆ యేల నావలో గొట్టాలు నేవు. రత్నం, నీ కాళ్ళట్టుకుంతాను, పిల్లని గొట్టం నేకుండా ఒగ్గీకు.”

నసీమా నా వైపు చూసింది. “తల్లివి నువ్వు. నువ్వే చెప్పక్కా.”

పెడతానన్నాను. మత్తు వదులుతుండగా నేనే పెట్టాను. ముక్కు కొస నుంచి చెవి తమ్మె దాకా, అక్కణ్ణుంచి రొమ్ము ఎముక కింది దాకా గొట్టాన్ని కొలిచి, కొసకి నూనె రాసి, “మింగమ్మా, మింగు, మా తల్లే, మింగు” అంటూ దించాను. ఈ పేటలో నా అంత సులువుగా దించేవాళ్ళు లేరు. అయినా పిల్ల కళ్ళమ్మట నీళ్ళు కారాయి. బుగ్గ మీద ప్లాస్టర్ అంటించి తుడిచాను.

సాయంత్రానికి వరసంతా పొయ్యిలు ఆర్పేశారు. ఇళ్ళకీ వైద్యశాలకీ గాలి ఒకే కాలువలో తిరుగుతుంది. ఎవరింట్లో ఏం వేగినా ఈ గదిలోకి వాసన వస్తుంది. గొట్టంతో ఉన్న పిల్లకి ఆ వాసన తగలకూడదని, గొట్టం తీసేదాకా వరసలో ఎవరూ వండరు. చల్లటి పిండి ముద్దలు మింగి ఊరుకుంటారు. దాన్ని గొట్టం పస్తు అంటాం. పిల్ల దగ్గర తిండి మాట కూడా ఎత్తం. ఎవరూ చెప్పకుండానే అందరూ చేశారు. మా వాళ్ళను చూస్తే నాకు ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు

గొట్టం పీకేసుకోబోయింది. చేతులకి గుడ్డ సంచులు తొడిగి మంచానికి కట్టాను. ఇదే పని మిగతా పిల్లలకి ఎన్నిసార్లు చేశానో, అప్పుడు వాళ్ళ అమ్మలు మొహం తిప్పుకుంటే లోపల విసుక్కునేదాన్ని కూడా. ఈరోజు ముడి వేసి నేనే మొహం తిప్పుకున్నాను.

గొంతులో గొట్టం గీరుకుంటోంది కనుక మాట్లాడటం లేదు. మాట్లాడకపోవడమంటే మా మేఖలకి పెద్ద శిక్ష. ఇంట్లో దీని నోరు మూయించడానికే నాకు సగం పొద్దు సరిపోయేది. దానికి తోడు తమ్ముడు గౌరీశు ఇప్పుడిప్పుడే మాటలు నేరుస్తున్నాడు, వాడికి గురువు ఇదే.

మా ఆయన భానోజీ నీటి యంత్రాల దగ్గర పని ముగించుకుని వచ్చాడు. పిల్ల సంచీ చేతిని ఎత్తలేక నోరు మాత్రం తెరిచి చూపించింది. ఆకలని అర్థం. 

“ఎవులూ తినట్లేదమ్మా,” అన్నాడు. “మన వరసలో ఒక్కలింట్లోనూ పొయ్యెలగలేదు. నాను తిన్లేదు, అమ్మ తిన్లేదు, పైడత్త తిన్లేదు.”

నీకోసమే అందరం పస్తున్నామని చెప్పడం ఆయన ఉద్దేశం. మంచి మాటే అన్నాడనుకున్నాను. పిల్ల ఆయన వైపు చాలాసేపు చూసింది. తరవాత నోరు మూసుకుంది. మళ్ళీ తెరవలేదు.

పొద్దుపోవడానికి పైడమ్మత్తని కథ చెప్పమందామనుకున్నాను గానీ, ఆవిడ కథలన్నీ పెద్ద కరువువే. నావలో తోటలు కుళ్ళిపోయిన సంవత్సరం, అమ్మలు తమ వంతు దాచి పిల్లలకి పెట్టడం, “తిండుంది, రేపొస్తాది, పడుకోండి” అని నిద్రపుచ్చడం, పెద్ద పిల్లలు తమ ముద్ద చిన్నవాళ్ళ నోట్లో పెట్టి తినేశామని అబద్ధం ఆడటం. మా వరస పిల్లలకి అవి కంఠతా వచ్చు, ఆటలు కూడా అవే ఆడతారు. తిండి మాట వస్తుంది కనుక వద్దన్నాను. ఊరికే కూర్చుని కాళ్ళు నిమిరింది పాపం.

దుమారం లేచిన రోజు

బయట ఎర్ర దుమ్ము. తలుపులన్నీ బిగించారు.

మేఖల కడుపు మెత్తగా ఉంది. నసీమా స్టెతస్కోప్ పెట్టి విని, నవ్వి, నా చెవికి ఇచ్చింది. పేగులు గుడగుడమంటున్నాయి. ఇంతకంటే మంచి సంగీతం నేనెప్పుడూ వినలేదు. కాసేపటికి పిల్లకి కింది నుంచి గాలి కూడా పోయింది. ఆ శబ్దానికి భానోజీ చప్పట్లు కొట్టాడు. పిల్ల సిగ్గుపడి మొహం దిండులో దాచుకోబోయింది, గొట్టం అడ్డొచ్చింది.

“తీసేద్దామక్కా,” అంది నసీమా. “ఈ గొట్టంలో పొద్దుటి నుంచి రెండు చుక్కలు కూడా రాలేదు. దానికి పని లేదు. గంజి పడదాం.”

“గాలి పోనాక ఒక నిద్దరవ్వాలి,” అన్నాను. అది మా లెక్క. గాలి పోయిన వెంటనే తీయం. పిల్ల మరో నిద్ర పోయి లేచాక తీస్తాం. ఎందుకంటే చెప్పలేను. పైడమ్మత్త చెప్పింది, ఆవిడకి ఇంకొకరు చెప్పారు.

“ఒక్క నిద్రే కదా, అంత పట్టుపడితే అలాగే కానీ,” అంది నసీమా. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. “ఒకటి చిత్రంగా ఉందక్కా. ఆకలేస్తోందా అనడిగితే తల అడ్డంగా ఊపుతోంది. కడుపు అలా మోగుతున్న పిల్లకి ఆకలి లేకపోవడమేంటి?”

“మా పిల్ల బుద్ధిమంతురాలు,” అన్నాను. గర్వంగానే అన్నాను. నిజంగా ఇంత ఓర్పున్న పిల్లని ఈ గదిలో చూడలేదు. ఏడవదు, అడగదు, పేచీ లేదు.

మధ్యాహ్నం భానోజీ గౌరీశుని ఎత్తుకొచ్చాడు. మేఖల వాణ్ణి చూసి కదిలింది. కట్టు సాగినంత మేర సంచీ చెయ్యి లేపి, పైన వేలాడుతున్న సెలైన్ సీసా చూపించి, వాణ్ణి చూపించింది. మళ్ళీ సీసా, మళ్ళీ వాడు. సీసాతో ఆడుకోమంటోందనుకున్నాం. వాణ్ణి ఎత్తి సీసా దగ్గరికి తీసుకెళ్తే వాడు దాన్ని తట్టి కేరింతలు కొట్టాడు. మేఖల తల గట్టిగా ఊపింది, అలా కాదన్నట్టు. ఇంకేమిటో మాకు అర్థం కాలేదు. అందరం నవ్వుకున్నాం.

జ్వరం వచ్చిన పొద్దు

ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నిద్ర లేచాక గొట్టం తీద్దామని వెళ్ళాను. పిల్ల ఒళ్ళు కాలిపోతోంది. పొట్ట చెక్కలా బిగిసింది. చెయ్యి వేస్తే మూలిగింది. నసీమా ఒక్కసారి చూసి పెదవి కొరుక్కుంది. కుట్టు ఒక చోట వదిలింది, లోపల కారుతోంది. మళ్ళీ తెరవాలి.

ఆపరేషన్ గది సిద్ధం చేస్తుండగా పిల్ల ఓకరించింది. గొట్టం మూసుకుపోయి ఉంది. “ఇప్పుడు నిజంగా కావాలి అది. పాతది తీసెయ్యి, మత్తిచ్చాక నేను కొత్తది పెడతాను,” అంది నసీమా. తీసేశాను. చేతి సంచులు కూడా విప్పేశాను. మేఖల గొంతు సవరించుకుంది. ఇన్నాళ్ళకి నా కూతురి మాట విన్నాను. బొంగురుగా, ముసలమ్మ గొంతులా ఉంది.

“అమ్మా, తిండి అయిపోనాదా?”

“ఏటమ్మా?”

“మన పేటలో తిండి అయిపోనాది గదా. నాన్న సెప్పినాడు. ఎవులూ తినట్లేదని.”

వంగి దాని నుదుటి మీద చెయ్యి వేశాను.

“తమ్ముడికేటెడతన్నావు?” అంది. “ఆ సీసాలోది ఆడికెట్టీ. నాను సెప్తంటే మీకు అవగతం కానేదు. నాకు ఆకల్లేదమ్మా. ఆడు సిన్నోడు గదా.”

అప్పుడు అర్థమైంది నాకు. ఈ పిల్ల ఇన్నాళ్ళూ ఓర్పుగా ఉండలేదు. కరువొచ్చిందనుకుంది. పొయ్యిలు ఆరిపోయాయి, వాసన లేదు, తిండి మాట ఎత్తితే అందరూ మొహాలు తిప్పుకుంటున్నారు, అమ్మా నాన్నా తినడం లేదు. ఆ సీసా ఒక్కటే మిగిలిందనుకుంది. దాన్ని తమ్ముడికి ఇమ్మని చెబుతుంటే మేం నవ్వాం.

“లేదమ్మా, తిండి బోల్డుంది,” అన్నాను. “గాదెల్నిండా చోళ్ళున్నాయి. నీకు నొప్పని ఆపినాం గానీ, నేక కాదు. అన్నీ ఉన్నాయి తల్లీ.”

నన్ను జాలిగా చూసింది. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోను.

“పెద్ద కరువులో అమ్మలూ అలగే అన్నారంట,” అంది.

ఒట్టు పెట్టాను. దేవుడి మీద పెట్టాను, గౌరీశు మీద పెట్టాను. తల ఊపింది, నన్ను ఊరుకోబెట్టడానికి. ఒక ముద్ద తెచ్చి చూపిద్దామని లేచాను. ఆరేళ్ళ పిల్లకి ఎదురుగా ముద్ద పెట్టి తినకూడదని చెప్పడమెలా? వరసలోకి పరిగెత్తాను. నర్సునయ్యుండి పేషెంటుని వదిలి పరిగెత్తాను.

“పొయ్యిలెలిగించండి!” అని అరిచాను. “ఏదోటి వేపండి! పిల్ల కరువొచ్చిందనుకుంతంది!”

ఎవరికీ అర్థం కాలేదు. గొట్టం పస్తులో పొయ్యి వెలిగిస్తే పిల్లకి కీడని అందరి భయం. వాళ్ళు నా మొహం చూశారు, ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పైడమ్మత్త మాత్రం ఒక్క ప్రశ్న అడగలేదు. పొయ్యి ముట్టించి, మూకుడు పెట్టి, ఉన్న నూనె అంతా పోసింది. అది చూసి మిగతావాళ్ళు కదిలారు. ఉల్లి, వెల్లుల్లి, ఎండుమిర్చి, ఏది దొరికితే అది.

వెనక్కి వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. ఆలస్యం చేయకూడదని లోపలికి తీసుకెళ్ళారు. ఆపరేషన్ గదికి గాలి వేరే. బయటి గాలి పోదు. నేను ఖాళీ మంచం పక్కన నిలబడితే వాసన వచ్చింది. మా వరస మొత్తం ఒకేసారి వండుతున్న వాసన. కళ్ళు మండేంత ఘాటుగా వచ్చింది.

మేఖల లోపలి నుంచి తిరిగి రాలేదు.

తరవాత

ఎన్నాళ్ళయిందో రాయను. అందరికీ తెలుసు.

పేట సభ పెట్టారు. గొట్టమే పిల్లని చంపిందని వరస వరసంతా అంటోంది. నా మీద ప్రేమతోనే అంటున్నారు, ఏదో ఒకదాని మీద నేరం పెడితే నాకు తేలికవుతుందని. పైడమ్మత్త సభ మధ్యలో నిలబడి, “నాను సంపేసినాను గుంటని. పెట్టమన్నది నాను,” అని రొమ్ము బాదుకుంది. ఇద్దరు పట్టుకుంటే గానీ ఆగలేదు.

నసీమాని అడిగారు. ఆమెకి అబద్ధం చెప్పే వీలుంది. తన మాటే గెలిచేది.

“గొట్టం చంపలేదు,” అంది. “కుట్టు వదిలింది. కుట్టింది నేను. గొట్టం పెట్టినా పెట్టకపోయినా కొందరికి వదులుతుంది. పెట్టకుండా ఉంటే మేఖల బతికేదని నేను చెప్పలేను.”

సభలో గొణుగుడు లేచింది. నేను నిలబడ్డాను. భానోజీ నా చెయ్యి పట్టుకుని లాగాడు, విదిలించుకున్నాను.

“డాక్టరమ్మ సెప్పింది నిజివే,” అన్నాను. “గొట్టం నా పిల్లని సంపనేదు. బతికించనూ నేదు. దాన్లో రెండు సుక్కలు రాలేదు. దానికోసం నా పిల్ల నోరు కట్టేసినాను, సేతులు కట్టేసినాను. పేగు బాగా పన్జేసిన రోజు ఒకటొచ్చింది నా పిల్లకి. ఆ రోజు గంజి తాగీసేది. నాతో మాటాడీసేది. కరువు నేదని తెలుసుకునేది. ఆ ఒక్క రోజూ నాను పట్టుకెళ్ళిపోనాను. గొట్టం కాదు, నాను.”

తరవాత ఏం మాట్లాడానో నాకు గుర్తు లేదు. పేగు కోసిన పిల్లలందరికీ గొట్టం పెట్టాలన్న నియమం ఎత్తేశారని భానోజీ చెప్పాడు. పొట్ట ఉబ్బితే, వాంతులు ఆగకపోతే పెట్టాలి. అప్పుడు పెట్టేది నేనే.

లోవ వచ్చిన రోజు

చివరి వరసలో నూనె గానుగ నడిపే దాలమ్మ కూతురు లోవకి పేగు కోసి కుట్టారు. మంచం అదే. నేను రానంటే నసీమా బలవంతం చేయలేదు.  నాకే ఇంట్లో ఉండబుద్ధి కాలేదు, వచ్చేశాను.

దాలమ్మ నన్ను చూసి కొంగు నోట్లో కుక్కుకుంది. “రత్నప్పా, గొట్టం నేకుండా ఉంచమంతావా? నాకు బయంగున్నాది.”

“నాకూ బయ్యమే,” అన్నాను. “నా కళ్ళు దీని పొట్ట మీదే ఉంతాయి. నువ్వు పడుకో.”

నిద్ర పోలేదు ఆవిడ. నేనూ పోలేదు. మర్నాడు లోవ ఒకసారి పసరు కక్కింది. గొట్టం చేతిలోకి తీసుకుని నిలబడ్డాను.  నసీమా పొట్ట నొక్కి చూసి, మెత్తగానే ఉంది, ఆగుదామంది. ఆగాం. మళ్ళీ కక్కలేదు. ఆ సాయంత్రం చెంచాతో నీళ్ళు పట్టాను, నిలిచాయి. తెల్లారాక పల్చని చోడి గంజి. మొదటి చెంచాకి మొహం చిట్లించింది. రెండోది చప్పరించింది. తరవాత గిన్నె పట్టుకుని లాక్కుంది.

కొంచెమే పెట్టాలి కనుక గిన్నె తీసుకున్నాను. అంతే, లోవ గుక్కపట్టింది. ఇంకా కావాలి, ఇంకా పెట్టు అని మంచం అదిరేలా కాళ్ళు తన్నుతూ ఏడ్చింది. పక్క గదిలోవాళ్ళు తొంగి చూశారు. దాలమ్మ సిగ్గుతో చచ్చిపోయింది.

“ఏటనుకోకు రత్నప్పా. దీనికి బొత్తిగా ఓర్పు నేదు. అడిగింది అడిగినట్టు పెట్టకపోతే ఇలగే గోల సేస్తాది.”

“సెయ్యనీ,” అన్నాను. “ఊరుకోబెట్టకు దాన్ని. అడగనీ.”

గిన్నె ఆవిడ చేతిలో పెట్టి బయటికి వచ్చేశాను. గోడకవతల నుంచి లోవ ఇంకా అడుగుతూనే ఉంది. నేను అక్కడే కింద కూర్చుని, ఆ గోల ఆగిపోయేదాకా ఏడ్చాను.